చివరి మాట పాడని ఆవిడ

మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండినా గడప దాటితే నోరు విప్పేది కాదు. ఇంట్లో వాగుడుకాయ. ప్రీస్కూల్లో మాత్రం ఏడు నెలలుగా ఒక్క మాట లేదు. ఆగస్టులో కిండర్‌గార్టెన్, ఈలోగా ఎవరికైనా చూపించండి అని టీచర్ మెల్లగా చెప్పింది. ఆ భయంతోనే శుక్రవారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని, కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో పిల్లల పాటలకి దాన్ని తీసుకెళ్ళడం మొదలుపెట్టాను.

పాడే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఇజ్రాయెల్ మనిషట. పొట్టి జుట్టు, పాత గిటారు, రెండు కాళ్ళకీ రెండు రంగుల మేజోళ్ళు. మేజోడు పోగొట్టుకున్న మేక మీద ఒక పాట ఉంది, ముందు హీబ్రూలో, తర్వాత ఇంగ్లీషులో పాడుతుంది. ప్రతి చరణంలోనూ చివరి మాట పాడకుండా ఆపేస్తుంది. పిల్లలు అందుకోవాలి. ఎవరూ అందుకోకపోతే తీగల మీద చెయ్యి ఆనించి అలాగే చూస్తూ ఉంటుంది. ఆ నిశ్శబ్దం నాకు ప్రాణం మీదికొచ్చేది.

రెండో వారం ఆవిడ మా అమ్మాయి ముందు కూర్చుని ఆగింది. నేను ఆగలేకపోయాను. ఇంటికెవరైనా వస్తే "ఆంటీకి రైమ్ చెప్పు" అని పిల్లల్ని నిలబెట్టి, తడబడితే అందించి, చివరికి మొత్తం మనమే చెప్పేసే రకం కదా మనం. పాట మొదలైనప్పటి నుంచీ ఫోన్‌లో వీడియో తీస్తున్నదాన్ని, తీస్తూనే వెనక నుంచి "సాక్, చెప్పు బంగారం, సాక్" అన్నాను. పిల్ల నా ఒళ్ళో మొహం దాచేసుకుంది. ఆవిడ పక్క పిల్ల దగ్గరికి జరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అయినా ఆరా తీసే బుద్ధి పోదు. సోమవారం శాంటా క్లారా ఆఫీసులో లంచ్ దగ్గర ఆ వీడియో మా మేనేజర్‌కి చూపించాను. ఆయనదీ ఇజ్రాయెలే. నలభై ఐదేళ్ళ మనిషి, రివ్యూల్లో అందర్నీ ఏడిపిస్తాడు. వీడియోలో ఆవిడ హీబ్రూలో పాడి ఆగింది. ఆయన చేతిలో ఫోర్క్ పట్టుకునే, బుద్ధిగా, ఆ చివరి మాట అందుకున్నాడు. ఆ తర్వాత సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు.

ఆయన చెప్పిన ప్రకారం, ఆవిడ వాళ్ళ సైన్యంలో పాటల బృందంతో మొదలుపెట్టిందట. పెద్దవాళ్ళ కోసం చేసిన రికార్డుని ఎవరూ పట్టించుకోలేదు. పిల్లల పాటల క్యాసెట్లు మాత్రం ఇంటింటా ఉండేవి, పండగ సెలవుల్లో పెద్ద పెద్ద హాళ్ళు నిండిపోయేవి. తర్వాత ఎటు పోయిందో తెలీదన్నాడు.

అంతటి మనిషి లైబ్రరీ తివాచీ మీద డజను మంది పిల్లలకి ఎందుకు పాడుతోంది? మరుసటి శుక్రవారం పాటలు మొదలవకముందే అడిగేశాను. కూతురు ఇక్కడే ఉందని, మనవల కోసం వచ్చేశానని చెప్పింది. తర్వాత, నేను అడగకుండానే, ఆ ఆగడం గురించి చెప్పింది.

"అక్కడ నేను ఆగితే హాలంతా అరిచేది. ఇక్కడ ఆగితే ఎవరికీ పాట తెలీదు. భయపడి నేనే పాడేసేదాన్ని. ఏడాది పాటు నువ్వు చేసిందే చేశాను."

మరి ఎలా మారిందని అడిగాను.

"ఒకరోజు గొంతు పోయింది. పాడలేక ఆగాను. పిల్లలే ఆ మాట చెప్పారు."

ఆ రోజు ఫోన్ బ్యాగ్‌లో పడేసి, పెదవి పంటి కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ మా అమ్మాయి ముందు ఆగింది. ఏమీ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు, ఆ పై వారమూ రాలేదు. పెదవి మాత్రం పుండు పడింది.

ఆ తర్వాతి శుక్రవారం "సాక్" అని వినిపించింది. పక్కన కూర్చున్న నాకే సరిగ్గా వినపడనంత చిన్న గొంతు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చప్పట్లు కొట్టలేదు, మెచ్చుకోలేదు, మామూలుగా తర్వాతి చరణం అందుకుంది.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర అలవాటు కొద్దీ "ఆంటీకి థాంక్యూ చెప్పు" అనబోయి మింగేశాను. మా అమ్మాయి నా చెయ్యి వదిలి వెనక్కి తిరిగింది.

"బై, ఆంటీ."

ఒక దేశం పిల్లలంతా పేరు పెట్టి పిలిచిన మనిషి, గిటారు పెట్టెలో పెట్టబోతున్నదల్లా ఆగి, పిలిచింది ఎవరా అని చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఈసారి నేను అందించలేదు.