ఏసమ్మకు లేని నొప్పి

ఆళ్లగడ్డ చర్చి వీధిలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా, సాయంత్రానికల్లా అది ఏసమ్మకూ వచ్చేది. వచ్చి ఊరుకునేదా? అసలు మనిషికి చెంబెడు ఉంటే ఏసమ్మకు బిందెడు.

ఎద్దులబండి లక్ష్మన్న, నడుములో పుట్టిన సలుపు తొడ వెనకనుంచి మడమదాకా దిగుతోందని మూలిగాడు.

"మడమదాకానేనా? నాది చెప్పులోకి దిగుతాంది అప్పా!" అంది ఏసమ్మ.

టీచరు కృపావతికి ఒంటిచెంప తలనొప్పి, వెలుతురు పడదు. ఏసమ్మ వెంటనే తలకు తువ్వాలు చుట్టి పట్టపగలు తలుపులు మూసుకుంది. మూసుకుని, సందులోంచి వీధిలో ఎవరు పోతున్నారో చూస్తూ కూర్చుంది.

శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనలో ఎవరి బాధ వాళ్లు లేచి చెప్పుకోవాలి, అందరూ కలిసి ప్రార్థించాలి. ఏసమ్మ అందరివీ విని, అన్నీ తనకూ ఉన్నాయనేది. పాస్టరు జ్ఞానప్రకాశం కుర్చీలో ఇబ్బందిగా కదులుతూ, అరికాలికి అరికాలు రాసుకుంటూ, "ఏసమ్మా, ప్రభువుకు వేరే ఊర్లు గూడా ఉండాయమ్మా!" అనేవాడు.

పక్కింటి బాలమ్మ అందుకే నోరు విప్పలేదు. ఆమెకు పొద్దున లేస్తే వేళ్లు పుల్లల్లా బిగుసుకునేవి. కణుపులు ఉబ్బాయి. ఎండెక్కితే గాని పిడికిలి పడదు. బర్రెల పాలు పిండి పోస్తేనే ఆమె ఇల్లు గడిచేది. చేతులు పోయాయని తెలిస్తే వాడుకల వాళ్లు ఇంకో గడప చూసుకోరూ? పైగా ఏసమ్మ చెవిన పడిందంటే, నొప్పి ఆమె పేరున, చాటింపు తన పేరున!

ఒకరోజు ఏసమ్మ ఇచ్చిన కాఫీని బాలమ్మ తాగకుండా, వేడి గ్లాసును రెండు చేతుల నడుమ పొదువుకుని కూర్చుంది.

"ఏం మే, ఈగ పడిందా?"

"లేదక్కా."

"మరి తాగవే?"

"తాగుతాండా."

ఏసమ్మ ఇంకేమీ అడగలేదు. ఏసమ్మ అడక్కుండా ఊరుకోవడం ఆ వీధిలో అదే మొదటిసారి.

ఆ శుక్రవారం ఏసమ్మ లేచి నిలబడింది. "నాకు వేళ్లు బిగుసుకుంటాండాయి. పొద్దున బొత్తిగా వంగవు!"

బాలమ్మ గబుక్కున చేతులు కొంగులో దాచుకుంది. చెప్పని నొప్పిని కూడా ఎత్తుకుపోతారా!

"నంద్యాల పోతాండా డాక్టరు దగ్గరికి. సూదంటే నాకు భయం. తోడు రా మే బాలమ్మా" అంది ఏసమ్మ. కాదనే వీలేదీ?

నంద్యాల డాక్టరు ఏసమ్మ వేలివైపు చెయ్యి చాపాడో లేదో, "అబ్బా!"

"ఇంకా ముట్టుకోలేదమ్మా."

"ముందే నొస్తాంది సార్."

"నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కండి."

ఏసమ్మ నొక్కింది. ఈసారి "అబ్బా" అన్నది డాక్టరు.

"మీకే జబ్బూ లేదు!" అన్నాడు చెయ్యి విదిలించుకుంటూ.

"అట్లెట్ల లేదూ? బాగుండే చెయ్యి ఎట్లుంటాదో ఇది చూసి చెప్పు సార్" అని ఏసమ్మ, బాలమ్మ చెయ్యి లాగి బల్లమీద పెట్టింది.

డాక్టరు ఏసమ్మ సంగతే మరిచిపోయాడు. కణుపు కణుపూ తడిమి కీళ్లవాతమన్నాడు, రక్తపరీక్ష రాశాడు. "నొప్పి మొత్తం పోతుందని చెప్పలేను. మందు మానకుంటే వేళ్లు వంకరపోకుండా కాపాడుకోవచ్చు. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి, ఆ తర్వాతే పని. మంచి వేళకు వచ్చావమ్మా."

తిరుగు బస్సులో బాలమ్మకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. లక్ష్మన్ననూ ఏసమ్మే తోడు రమ్మని నంద్యాల తీసుకుపోయింది. కృపావతినీ అంతే. తోడు పోయిన వాళ్లు మందులు తెచ్చుకున్నారు. ఏసమ్మ ప్రతిసారీ మిఠాయి పొట్లం తెచ్చుకుంది. ఇప్పుడూ అదే తింటోంది.

"అక్కా, నీకు నిజంగా ఏ నొప్పీ లేదా?"

"ఎందుకు లేదూ? ఈ సీట్లో కూచున్నాక యాడ లేదో అడుగు!"

తర్వాతి శుక్రవారం ఏసమ్మ లేచి "నా వేళ్లు..." అందో లేదో, బాలమ్మ కూడా లేచింది.

"కూచో అక్కా. ఆ నొప్పి నాది. నువ్వు ఇంకోటి చూసుకో!"

చాపల మీద ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. బాలమ్మ దగ్గర పాలు పోయించుకునే రాములమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఇంత దాచిపెట్టినావేమే? మేం పొయ్యి ముట్టించేదే ఎండెక్కినాక, పాలు అప్పుడు పోస్తే చాలు. మేం యాడికి పోతాం!" అంది.

చేతిలో ఒక్క నొప్పీ లేక ఏసమ్మ దిక్కులు చూసింది. ఆ చూపు తిరిగి తిరిగి, ఒకదాన్నొకటి రాసుకుంటున్న పాస్టరు అరికాళ్ల దగ్గర ఆగింది.

"అయ్యగారూ, నాకు నిన్నట్నుంచి అరికాళ్లు ఒకటే మంట. చక్కెర జబ్బేమో!"

జ్ఞానప్రకాశం కాళ్లు గబుక్కున కుర్చీ కిందికి పోయాయి.

"సోమవారం నంద్యాల పోతాండా" అంది ఏసమ్మ. "సూదంటే నాకు భయం. తోడు రండి."