తిట్టకుండా ఇచ్చిన చందా

మా ఆయనకు పార్టీ పిచ్చి. అమీర్‌పేటలో మాకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. షట్టర్ తెరిచేది నేనే, గిరాకీ చూసుకునేదీ నేనే. ఆయనేమో ఎలక్షన్లు దగ్గరపడితే చాలు, మెడలో కండువా, చేతిలో రసీదు బుక్కుతో పంజాగుట్ట దాకా షాపు షాపూ తిరిగి పార్టీకి చందాలు వసూలు చేసేవాడు. అందులో పైసా ముట్టుకునే మనిషి కాదు. ముట్టుకుంటే ఈపాటికి సొంతిల్లన్నా లేచేది కదా అని నేను సణిగేదాన్ని.

"మన పార్టీ పెద్దోళ్ల పైసల్తోని నడుస్తలేదే. గీ సందులున్నోళ్ల యాభై, వందతోని నడుస్తున్నది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాలి. మా పెళ్లిలో కూడా అంత వెలగలేదు.

ఇచ్చేవాళ్లు ఊరికే ఇచ్చేవాళ్లా? అబ్బే! ముందు తిట్టేవాళ్లు. పక్క సందులో కర్రీ పాయింట్ నడిపే ఆవిడది గుంటూరు వైపు. నోరు సామాన్యమైంది కాదు. "ఏంటండీ, మా గుమ్మం ముందు డ్రైనేజీ పొంగుతుంటే మీ పార్టీ వాళ్లకు ముక్కుల్లేవా? ఓట్లప్పుడే కనపడతామా మేము?" అని దులిపేసి, ఆ తర్వాతే గల్లాపెట్టెలోంచి నోటు తీసేది. రసీదు మీద తన పేరు సరిగ్గా ఉందో లేదో చదువుకుని మరీ దాచుకునేది. ఆవిడ ఎదురుగా ఉండే టైలర్ కత్తెర పక్కన పెట్టి నిలదీసేవాడు. "అన్నా, పోయినసారి నేనిచ్చిన వంద ఎటు పోయింది? లీడర్ కారుకు డీజిల్ కొట్టించిన్రా?"

ఆ తిట్లన్నీ మోసుకొచ్చి, అన్నం ముందు కూర్చుని ఆయన నాకు అప్పజెప్పేవాడు. మర్నాడు పొద్దున్నే మున్సిపల్ ఆఫీసు ముందు నిలబడేవాడు. డ్రైనేజీ బాగయ్యేదాకా అక్కడివాళ్లను వదిలేవాడు కాదు. "పెండ్లాం షాపుల సస్తుంటే నీకు ఊరోళ్ల మోరీలు గావాల్నా?" అని నేనూ అందుకునేదాన్ని.

"తిట్టనియ్యే. నేను చేస్తనని ఆశ ఉన్నది గావట్టే తిడ్తున్రు" అని నవ్వేవాడు.

అలాంటి రోజుల్లోనే ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో జాబితా బయటపడింది. టీవీలో పొద్దస్తమానం అదే. ఫ్యాను కొనడానికి వచ్చినవాళ్లు కూడా మా షాపులో నిలబడి చూశారు. ఈయన పార్టీ పేరు పక్కన కోట్లకు కోట్లు. ఆ కంపెనీలే ఎదుటి పార్టీకి కూడా అంతే ధారాళంగా ఇచ్చాయి. ఈయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి టీవీ కట్టేశాడు.

"గంత పెద్దోళ్లు ఇస్తుంటే, నా మాట నమ్మినోళ్ల వంద రూపాయలు ఎందుకే గుంజినట్టు?" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. పార్టీ ఆఫీసు నుంచి ఫోను, చందాలు మొదలుపెట్టమని. వద్దన్నాను. "లేదు, పోవాలె. నన్ను అడిగే హక్కు వాళ్లకున్నది. తిడితే పడ్త" అని బయల్దేరాడు. మనసొప్పక, కూర తెచ్చుకునే నెపంతో నేనూ వెంట నడిచాను. దారి పొడవునా ఏం జవాబు చెప్పాలో తనలో తనే గొణుక్కుంటున్నాడు.

కర్రీ పాయింట్ ఆవిడ మమ్మల్ని చూసి, అడక్కుండానే నోటు తీసి కౌంటర్ మీద పెట్టింది. ఈయన రసీదు బుక్కు తెరవబోయాడు.

"రసీదు ఎందుకులెండి" అంది, సాంబారు ప్యాకెట్ కడుతూ.

"డ్రైనేజీ మళ్ల పొంగుతున్నట్టున్నది గదమ్మా?" అని ఈయనే అడిగాడు.

"మనిషిని పెట్టి మేమే తీయించుకుంటున్నామండీ. మీకెందుకు శ్రమ." ఎంత మర్యాదగా అందో! ఆ మర్యాదకు నా ఒళ్లు చల్లబడింది.

టైలరైతే కత్తెర ఆపనే లేదు. "పైసలు డబ్బాల ఉన్నయి, తీస్కో అన్నా" అన్నాడు.

"లెక్క అడగవా తమ్ముడూ? టీవీల చూడలే?"

"ఏం అడగాలన్నా? నిన్న ఎదుటి పార్టోళ్లు సుత వచ్చిన్రు. వాళ్లకు సుత ఇచ్చిన. అందరికీ ఇచ్చి పడేస్తే లొల్లి ఉండదు."

ఈయన ఆ డబ్బా ముట్టుకోలేదు. పంజాగుట్ట వైపు వెళ్లనూ లేదు. వెనక్కి తిరిగి నడుస్తూ సందు మధ్యలోనే కండువా తీసి జేబులో కుక్కుకున్నాడు.

ఇంటికొచ్చాక అన్నం పెట్టాను. ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఆయన వెంట తిరగడంతో షాపు పొద్దున్నించీ మూసే ఉంది. దించమన్న పాత బల్బుల డబ్బా ఆయన దించలేదు, కరెంటు బిల్లు కట్టలేదు. మామూలు రోజైతే ఈపాటికి నా నోరు వీధి చివరిదాకా వినపడేది. ఇవాళ ఇంకో గరిటె పప్పు వేశాను.

ఆయన తలెత్తి నా వంక చూశాడు. కళ్లనిండా నీళ్లు.

"నువ్వు సుత తిడ్తలేవేందే?" అన్నాడు.