గొట్టానికి కట్టిన పంచె

మొన్న ఉదయం నడకకు వెళ్లినప్పుడు మా వీధి చివరి ఇంటి గోడలోంచి తెల్లటి ఆవిరి వస్తూ కనిపించింది. లోపల ఎవరో మెషీన్‌లో బట్టలు ఆరబెడుతున్నారు. సబ్బు పరిమళం, వేడెక్కిన నూలు వాసన, వాటి అడుగున కాస్త మాడిన వాసన. నా కాళ్లు ఆగిపోయాయి. ఆ వాసన నిజంగా మాడినదా, నా అనుమానమా అని తేల్చుకోవడానికి ఆ మంచులో చాలాసేపు నిలబడ్డాను. చివరికి వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టాను. పైజామాలో ఉన్న ఒక కుర్రాడు తలుపు తీసి, మెషీన్ ఓసారి చూసుకోమని నేను చెప్పింది మర్యాదగానే విని, "థాంక్యూ సర్" అని తలుపు వేసుకున్నాడు. పిచ్చి ముసలాడనుకుని ఉంటాడు. ఒకప్పుడు నేను మాణిక్యమ్మగారి గురించి అలాగే అనుకున్నాను.

ఎనభైల మొదట్లో మేము పార్సిప్పనీ అనే ఊళ్లో, మధ్య గోడతో రెండు భాగాలుగా కట్టిన ఒక జంట ఇంట్లో సగం అద్దెకు తీసుకున్నాం. గోడకు అవతలి సగంలో మాణిక్యమ్మగారు ఒక్కరే ఉండేవారు. రాజమండ్రి వైపు మనిషి. ఒహాయోలో డాక్టరుగా ఉన్న తమ్ముడు ఆవిడను ఈ దేశానికి రప్పించాడు. కానీ అతని ఇంట్లో ఉండడం ఇష్టం లేక, మా ఊరి ఆసుపత్రి లాండ్రీలో పని సంపాదించుకుని వచ్చేశారు. అప్పటికి యాభై అయిదేళ్లు దాటి ఉంటాయి. తెల్లవారకముందే పనికి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, ఒంటిపూట పిల్లల బడి నుంచి మా రెండేళ్ల స్వాతిని తీసుకొచ్చి, సాయంత్రం దాకా చూసుకునేవారు. నేను, నా భార్య సుజాత ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లం. ఆవిడ లేకపోతే మాకు రోజు గడిచేది కాదు.

మేము చేరిన మొదటి వారమే ఆవిడ మా బేస్‌మెంట్‌లోకి దిగి, బట్టలారబెట్టే డ్రయర్ తలుపు తీసి, లోపలి జల్లెడను బయటికి లాగారు. బట్టల నుంచి రాలిన నూగు దాని మీద దుప్పటి ముక్కంత మందంగా పేరుకుని ఉంది.

"ఇది తీసి ఎన్నాళ్లయింది నాయనా?"

"తియ్యాలా పిన్నిగారూ?"

"మెకానికల్ ఇంజనీరువి కదూ నువ్వు?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. ఆ నూగంతా ఒక రేకు పళ్లెంలో వేసి, పెరట్లోకి తీసుకెళ్లి, అగ్గిపుల్ల గీసి పడేశారు. భగ్గుమని మంట నడుము ఎత్తుకు లేచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మంట చల్లారాక ఆవిడ పళ్లేన్ని మంచులో బోర్లించి, ఎడమచేతి స్వెట్టర్ పైకి లాగి చూపించారు. మణికట్టు నుంచి మోచేతిదాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఆసుపత్రి లాండ్రీలో ఒకసారి డ్రయర్ వెనక గొట్టంలో నూగుకు నిప్పంటుకుందట. ఆవిడ పక్కన పనిచేసే ఆమె తువ్వాళ్లు కాపాడదామని వెనక్కి వెళ్లిందట. "నేను చెయ్యి పట్టుకుని లాగాను. నాకు చెయ్యి కాలింది. ఆమె కళ్లు పోయాయి," అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాత ఆవిడ నాకు పని నేర్పారు. ప్రతిసారీ బట్టలు తీయగానే జల్లెడ చేత్తో తుడవాలి. నెలకోసారి సబ్బునీళ్లతో కడగాలి. మెత్తదనం కోసం బట్టల్లో వేసే కాగితాలు జల్లెడ మీద కంటికి కనపడని పొరను వదులుతాయి. కుళాయి కింద పెడితే నీళ్లు జారిపోవాలి, నిలిచాయంటే గాలి కూడా నిలుస్తుంది. సీజన్ మారినప్పుడల్లా గ్యాస్ కుళాయి కట్టేసి, మెషీన్‌ను ముందుకు లాగి, వెనక గొట్టం ఊడదీసి, పొడుగు బ్రష్‌తో ఈ చివర నుంచి ఆ చివరదాకా తోమాలి. అంతా బిగించాక మెషీన్ వేసి, బయటికి వెళ్లి, గోడ మీది రేకు మూత ముందు అరచెయ్యి పెట్టి చూడాలి. వేడిగాలి చేతిని తోసినట్టు తగలాలి. ఆ చివరి పనికి ఆవిడ గ్లవ్స్ తీసేసి, కాలిన చేతినే పెట్టేవారు. అప్పుడు ఆవిడ ముఖంలో కనిపించేది భయమే. దాన్ని దాచుకోవాలని ఆవిడ ఎప్పుడూ ప్రయత్నించలేదు.

నేనేం చేశాను? శనివారాలు స్నేహితులు భోజనానికి వస్తే ఆవిడ నడక, ఆవిడ చెయ్యి పెట్టే తీరు అనుకరించి నవ్వించాను. "మాణిక్యమ్మగారి డ్రయర్ పురాణం, మూడో అధ్యాయం చెప్పరా మూర్తీ," అని వాళ్లు అడిగి మరీ చెప్పించుకునేవారు. ఒకసారి గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది. నేను గొంతు కాస్త తగ్గించాను గాని ఆపలేదు.

ఆ చలికాలం మా ఇంట్లో వడియాలు అయిపోయాయి. చిన్న సంగతే. కానీ ఆ రోజుల్లో ఇక్కడ అవి కొనుక్కునే చోటు లేదు, నాలుగు నెలలు ఎండ మొహం కనపడదు. సుజాత పప్పుచారు చేసినప్పుడల్లా నిట్టూర్చేది. ఒకరోజు డ్రయర్ ముందు నిలబడి ఉండగా, ఇంత వేడిగాలి ఊరికే బయటికి తోసేస్తున్నామే అన్న ఆలోచన నాకు వచ్చింది. గోడకు బిగించిన గొట్టం ఊడదీసి ఇంట్లోకి తిప్పాను. ఇస్త్రీ బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, సుజాత కాచి ఇచ్చిన సగ్గుబియ్యం పిండిని గరిటెతో వేశాను. మూడు లోడ్ల బట్టలు ఆరేసరికి వడియాలు గలగలలాడాయి. బేస్‌మెంట్ కూడా వెచ్చగా అయింది. స్వాతి బొమ్మలన్నీ అక్కడికే మార్చాం. వచ్చినవాళ్లందరికీ ఆ ఏర్పాటు చూపించాను. ఇంజనీరింగ్ చదువు ఇన్నాళ్లకు పనికొచ్చిందని సుజాత కూడా మెచ్చుకుంది.

మాణిక్యమ్మగారు చూసిన రోజు మాత్రం మెట్ల మీదే ఆగిపోయారు.

"మూర్తీ, ఇది కరెంటుది కాదు, గ్యాస్ మెషీన్. బయటికి పోవాల్సిన విషాన్ని ఇంట్లోకి పిలుస్తున్నావు."

"కాస్తేగా పిన్నిగారూ. లెక్కవేసి చూశాను, ఏం కాదు."

"నీ లెక్క నాకొద్దు. నా ముందు తియ్యి."

తీశాను. గొట్టం మళ్లీ గోడకు బిగించాను. ఆవిడ బయటికి వెళ్లి చెయ్యి పెట్టి చూసుకుని వెళ్లిపోయారు. ఆ ఆదివారం మళ్లీ తిప్పేశాను. ఈసారి ఆవిడ కంట పడకుండా ఆ మూలకు అడ్డంగా పాత దుప్పటి కట్టాను. చలిగాలి రాకుండా అని చెప్పాను. గొట్టం సంగతి అడిగినప్పుడు "తీసేశాగా పిన్నిగారూ," అన్నాను. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ అదే మాట చెప్పాను. సుజాత ఓసారి సందేహించింది. "ఆవిడ ఊరికే అంటారా?" అంది. "ఇంజనీరు ఎవరు, ఆవిడా నేనా?" అన్నాను.

వడియాల మీద నూగు పడుతోందని గొట్టం చివర నా పాత పంచె ముక్క కట్టాను. అయినా పడుతుంటే రెండు మడతలు వేసి బిగించాను. నూగు పంచెకు పట్టి గాలి ఆగిపోతుందనీ, గాలి ఆగితే గ్యాస్ సరిగ్గా మండదనీ, అప్పుడు పుట్టే విషానికి రంగూ వాసనా ఉండవనీ నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ రోజు పొద్దున్నుంచీ మంచు కురుస్తోంది. ఆఫీసు వాళ్లు మధ్యాహ్నమే పంపించేశారు. ఇంటికి వచ్చి తువ్వాళ్లు, జీన్సు ప్యాంట్లు డ్రయర్‌లో వేసి, వడియాల షీటు సర్ది మెషీన్ నొక్కాను. మాణిక్యమ్మగారు స్వాతిని తీసుకుని వచ్చి బొమ్మల దగ్గర కూర్చున్నారు. బస్సులు నడవడం లేదని సుజాత ఫోన్ చేస్తే, తీసుకురావడానికి కారులో బయల్దేరాను. రానూ పోనూ గంట పని అనుకున్నాను. పోవడానికే గంటన్నర పట్టింది.

తిరిగి వస్తుండగా హైవే మీద కార్లన్నీ ఆగిపోయాయి. వైపర్లు ఊగుతున్నాయి, హీటర్ మోగుతోంది. సుజాత కణతలు నొక్కుకుంటూ అంది. "ఏమిటో నిన్న కూడా ఇలాగే తలనొప్పి. ఆఫీసుకి వెళ్లగానే తగ్గింది. స్వాతి కూడా పొద్దున వాంతి చేసుకుంది, పాలు పడలేదేమో."

 నిన్న మేం నాలుగు లోడ్లు వేశాం. నాకు కూడా తలనొప్పి వచ్చింది. మంచు పడే రోజని ఇవాళ కిటికీలన్నీ బిగించాను. ముందు కారు కదిలే దారి లేకపోయినా హారన్ నొక్కాను.

"ఏమైంది, అలా ఉన్నారేం?"

"ఏం లేదు."

మెల్లగా పక్కకు వచ్చి, హైవే దిగి, పెట్రోలు పోసే ఒక గ్యాస్ స్టేషన్‌లో ఫోన్ బూత్ దగ్గర ఆపాను. ఇంటికి చేశాను. మోగుతోంది. పది, పదిహేను, ఇరవై. తీయలేదు. మాణిక్యమ్మగారు ఫోన్ రెండోసారి మోగకముందే తీసే మనిషి. నాణెం తిరిగి కిందపడింది. మళ్లీ వేశాను. మళ్లీ మోగింది. ఎవరూ తీయని ఆ ఫోన్ మోగే శబ్దం నా చెవిలో ఉంది, నా కూతురు ఏ మూల పడి ఉందో నాకు తెలియదు. అంత భయం అంతకుముందు ఎప్పుడూ ఎరగను. అంత భయంలోనూ కారులోకి వచ్చి సుజాతతో ఏం అన్నానో తెలుసా? "లైన్ కలవడం లేదు," అన్నాను.

మా వీధి మలుపు తిరిగేసరికి మంచు మీద ఎర్ర లైట్లు తిరుగుతున్నాయి. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. ఎదురింటి మెట్ల మీద మాణిక్యమ్మగారు కూర్చుని, పక్కకు వంగి వాంతి చేసుకుంటున్నారు. కాళ్లకు చెప్పుల్లేవు. ఆవిడ కోటులో స్వాతి ఉంది. గుక్కపెట్టి ఏడుస్తోంది. కారు తలుపు వెయ్యకుండానే ఆ ఏడుపు వైపు పరిగెత్తాను.

పిల్ల ఆడుతూ ఆడుతూ ఒరిగిపోయిందట. లేపితే లేవలేదట. తన తల కూడా పగిలిపోతుంటే, ఆవిరి పట్టి కిటికీ అద్దాల మీద కారుతున్న నీళ్లు చూసి ఆవిడకు అర్థమైందట. దుప్పటి లాగేసి, ఉబ్బిపోయిన పంచెను చూసి, మెషీన్ ఆపి, పిల్లను ఎత్తుకుని మెట్లు పాకుతూ ఎక్కారట. ఇదంతా ఆవిడ సుజాతకు చెప్పారు. నా వైపు చూడలేదు.

అట్ట మీద కాగితం పెట్టుకుని ఒక ఫైర్ ఆఫీసర్ వచ్చాడు. వెనకే ఇంటి ఓనరు. "గోడ నుంచి పైపు ఎవరు తీశారు?" అని ఆఫీసర్ అడిగాడు. అప్పట్లో మావాళ్ల మధ్య ఒక మాట తిరుగుతుండేది, పిల్లలకు హాని చేస్తే పోలీసులు పిల్లలనే పట్టుకుపోతారని. వీసా కాగితాలు, ఉద్యోగం, స్వాతి, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ఇవన్నీ కారణాలే, సమర్థనలు కావు. నేను ఇంగ్లీషులో స్పష్టంగా అన్నాను: "నేను ఇంట్లో లేను. ఆవిడ అక్కడ ఏదో వంట సామాను ఆరబెడుతుంటారు."

ఆఫీసర్ ఆవిడ పేరు అడిగి రాసుకున్నాడు. మాణిక్యమ్మగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. తల ఎత్తి నన్ను చూశారు. అంబులెన్సు వాళ్లు ఆవిడకు ఆక్సిజన్ మాస్కు పెడుతున్నారు, మాట్లాడే వీలు లేదు. తర్వాత వీలు కలిగినప్పుడు కూడా ఆవిడ కాదనలేదు.

ఆ రాత్రంతా స్వాతిని ఆసుపత్రిలో ఉంచారు. మర్నాడు ఇంటికి వచ్చాక సుజాత అంది, "మీరు చెప్తారని చూశాను."

"నువ్వైనా చెప్పొచ్చుగా," అన్నాను. ఆ మాటకు తను చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఓనరు మాణిక్యమ్మగారిని నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. వెళ్లేముందు రోజు ఆవిడ మా తలుపు తట్టారు. నేను క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. "కిందికి రా," అన్నారు. మెషీన్ పక్కన మెట్టు మీద కూర్చుని పని అంతా నా చేత చేయించారు. గ్యాస్ ఆపించారు, మెషీన్ లాగించారు. గొట్టం తోముతుంటే "ఆ మడత దగ్గర ఇంకా ఉంది," అన్నారు. బిగించాక లైటు వేసి కీలు కీలు చూశారు. చివరికి బయట, నా చేతనే మూత ముందు చెయ్యి పెట్టించారు.

"తోస్తోందా?"

"తోస్తోంది పిన్నిగారూ."

"నాకు కోపం లేదనుకోకు మూర్తీ. ఉంది. జన్మంతా ఉంటుంది. కానీ నేను పోయాక ఆ పిల్ల ఈ ఇంట్లోనే పడుకోవాలి."

అంతే. చెప్పాల్సింది నేను అప్పుడు కూడా చెప్పలేదు. ఒహాయోలో తమ్ముడి ఇంటికి, ఏ ఇంట్లో ఉండకూడదనుకున్నారో ఆ ఇంటికే, ఆవిడ వెళ్లిపోయారు. రెండు నెలల తర్వాత ధైర్యం చేసి ఓనరుకు నిజం చెప్పాను. అతను నన్ను వింతగా చూసి, "ఇప్పుడెందుకు చెబుతున్నావు? ఆ సగం వేరేవాళ్లకు ఇచ్చేశాను," అన్నాడు. మమ్మల్ని మాత్రం ఖాళీ చేయమనలేదు.

కొన్నేళ్లకు ఒక పెళ్లిలో ఆవిడ కనిపించారు. బాగా చిక్కిపోయారు. స్వాతి గడ్డం పట్టుకుని ముద్దు చేసి, నా వైపు తిరిగి, "గొట్టం దులుపుతున్నావా?" అన్నారు. "దులుపుతున్నాను పిన్నిగారూ," అన్నాను. ఆ మాట నిజం. కానీ ఆవిడ నా ముఖంలోకి చూసిన తీరు చూస్తే నమ్మారని చెప్పలేను. నమ్మాల్సిన అవసరం కూడా ఆవిడకు లేదు. మరుసటి ఏడు పోయారని కబురు తెలిసింది.

ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్లినా ముందు బేస్‌మెంట్ ఎక్కడని అడుగుతాను. స్వాతి ఇంట్లో మెషీన్ నేనే లాగుతాను. అల్లుడు నవ్వుతాడు, నవ్వనిస్తాను. ఆవిడ భయం నాకు వచ్చింది, ఆవిడ ధైర్యం రాలేదు. కిందటేడు స్వాతికి జరిగిందంతా చెప్పాను.  అంతా విని, "నాన్నా, ఫైర్ రిపోర్ట్‌లో ఎవరి పేరు ఉంది?" అని అడిగింది. ఆవిడదేనన్నాను. "మార్పించలేదా?" అంది. లేదన్నాను. ఈమధ్య వెళ్లి అడిగితే, అంత పాత కాగితాలు తమ దగ్గర లేవని ఫైర్ ఆఫీసులో చెప్పారు. దిద్దడానికి ఇక కాగితం కూడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. గోడ నుంచి ఆ గొట్టం తీసింది నేను. పంచె కట్టింది నేను. మాణిక్యమ్మగారు నా బిడ్డను బయటికి తీసుకొచ్చారు.