నడుమున్న దూలం

చదువు పూర్తి కావస్తున్న వయసులో ప్రపంచమంతా మన లెక్కల కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. తెలంగాణ ఇంకా రాని ఆ రోజుల్లో నేను ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఉప్పల్‌లో ఆటో ఎక్కి, నాచారంలోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు తిరిగేదాన్ని. ఉక్కు భవనాలు భూకంపాన్ని ఎలా తట్టుకుంటాయన్నది నా విషయం. స్తంభానికి దూలం అతికే చోటికి కాస్త ఇవతల, దూలం అంచుల్ని వంపుగా కోసి నడుములా సన్నం చేస్తారు. కుదుపు వచ్చినప్పుడు దూలం అక్కడే వంగి, అతుకును పగలకుండా కాపాడుతుంది. (ఇది చెబితే మా అమ్మ, "కట్టేదాన్ని కోయడమేంటే?" అంది.) మామూలు ఫ్రేమొకటి, నడుమున్నదొకటి చేయించాను.

పరీక్షకు ముందురోజు వెళ్లి చూస్తే నడుము మాయమైంది. షెడ్డులో అందరూ మామ అని పిలిచే వెల్డింగు పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. "పోరలు తప్పు కోసిన్రు బిడ్డా. లాలాపేట్ల పెండ్లి ఇడిశిపెట్టి వచ్చి నింపిన. జర సూడు, అతుకు కనవడ్తుందా?" నిజంగానే కనబడలేదు. ఏడవాలో దండం పెట్టాలో తెలియలేదు.

"నేనే కోయించాను మామా, అక్కడ వంగాలని."

"వంగెటట్టు కట్టుడేందమ్మా?" అన్నాడు. ఆ సాయంత్రానికల్లా ఇంకో దూలం కోయించి, తనే అతికాడు, మొహం ముడుచుకునే.

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో మా కాలేజీ ల్యాబుకు వచ్చాడు. జాకీతో అటూ ఇటూ నెడుతుంటే మామూలు ఫ్రేములో అతుకు ఠప్పున పగిలింది. మా సారుతో సహా అందరూ మామ వైపు తిరిగారు. "ఆ సప్పుడు నాది గాదు సార్," అన్నాడాయన నెమ్మదిగా. రెండో దూలం మాత్రం నడుము దగ్గర బుద్ధిగా వంగింది. ఎక్కడ వంగుతుందో తెలియడానికి మేం పూసిన సున్నం అక్కడ పొట్టుగా రాలింది గానీ, అతుకు చెక్కుచెదరలేదు. మామ లేచి వెళ్లి దాన్ని చేత్తో నిమిరాడు. "గిది నాది."

తిరిగొస్తూ ఉప్పల్‌లో చాయ్ తాగుతుంటే అడిగాడు. "గీ భూకంపం మన దిక్కు ఎప్పుడొస్తది బిడ్డా?"

"మన దగ్గర పెద్దవి వచ్చే అవకాశం తక్కువే మామా."

ఆయన ముఖం చిన్నబోయింది. చూడలేక, "వేరే ఊళ్లకు వస్తాయిలే," అన్నాను. ఒక పెద్దమనిషిని ఓదార్చడానికి పరాయి ఊళ్లకు భూకంపాలు పంచిపెట్టిన ఆ అమ్మాయి ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది. మంచి పిల్లే, పాపం.