గవరమ్మ గారి నెంబరు

“నాకే ఫోనుంటే నా నెంబరే రాసేవాణ్ణి బాబాయ్. సందు మొత్తానికి ఉన్నది గవరమ్మ పిన్ని ఫోనొక్కటే. ఇంకేటి రాయను?”

నాతో ఈ మాట అంటూ సూరి కంప్యూటరు మీద గుడ్డ కప్పాడు, మళ్ళీ తీశాడు. బన్సీలాల్‌పేట సందులో అతనిది రెండు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్ మాటే కనక, సందులో డిగ్రీ అయిన ప్రతివాళ్ళూ అతని దగ్గరికే వస్తారు. ఒక ఉద్యోగాల వెబ్‌సైటు బయోడేటాలు ఉచితంగా పెట్టుకుంటానంది. ఫోన్ నెంబరు గడి నింపితే గానీ ముందుకు సాగదు. సూరి మనవాళ్ళందరూ చేసే పనే చేశాడు. ఆవిణ్ణి అడక్కుండానే అందరికీ గవరమ్మగారి నెంబరు వేసి, పక్కన పీపీ అని రాశాడు. పొరుగింటి ఫోనని అర్థం.

రైల్వేలో చేసి పోయిన భర్త పెట్టించిన ఫోను అది. ఎవరికి కాల్ వచ్చినా ఆవిడే గడప దిగి వెళ్ళి పిలుచుకొస్తుంది. పైసా తీసుకోదు.

“మోండా మార్కెట్‌లో కరివేపాకు ఊరికే ఇస్తారు బాబాయ్. కూరలు కొంటాం కాబట్టి ఇస్తారు. ఈ సైటోడు కూరలే అమ్మడు, ఉత్త కొసరే పంచుతున్నాడు. ఎలాగ బతుకుతున్నాడో నాను అడగలేదు.”

ఆ సైటు నెంబర్లు అమ్ముకుని బతుకుతోందని తర్వాత తెలిసింది. లోన్లవాళ్ళూ, కార్డులవాళ్ళూ రోజంతా ఒకటే ఫోన్లు. పైడిబాబు సార్ ఉన్నారా అంటే, మోకాళ్ళ నొప్పులతో ఆవిడ సందు చివర అతని ఇంటిదాకా పోవడం, అతను చేతిలో అన్నం ముద్దతోనే పరుగెత్తుకొచ్చి క్రెడిట్ కార్డు గురించి విని వెళ్ళడం. పేర్లు తీసేయమని సూరి సైటుకి రాస్తే, మా సేవలు వాడుకుంటున్నందుకు ధన్యవాదాలని జవాబొచ్చింది.

“డబ్బిచ్చుంటే నిలదీసేవాణ్ణి. ఊరికే వాడుకున్నోణ్ణి, ఏ మొహంతో అడగను?”

విసిగిపోయి ఆవిడ మధ్యాహ్నాలు రిసీవరు పక్కన పెట్టడం మొదలుపెట్టింది. అలాంటి ఒక మధ్యాహ్నమే, సూరి బయోడేటా పెట్టిన సందులో పిల్ల దుర్గకు నిజంగా ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఎన్నిసార్లు చేసినా లైను కలవక కంపెనీ వాళ్ళు వేరే అమ్మాయిని తీసుకున్నారు. దుర్గ కంపెనీకి వెళ్ళి అడిగితే ఈ సంగతి తెలిసింది. అది విని గవరమ్మగారు అన్నం మానేసి కూర్చుందట. పిల్ల నోటికాడ కూడు నా చేతుల్తో తీసీసేనురా అని సూరి దగ్గరే ఏడ్చింది. రేపు పొద్దున్న టెలిఫోన్ ఆఫీసుకెళ్ళి లైను తీయించేస్తుందట.

“నువ్వేమన్నావు?” అని అడిగాను.

“మంచినీళ్ళు తెచ్చిచ్చాను.”

మౌస్ తీగ వేలికి చుట్టుకున్నాడు.

“పిన్నీ ఊరికే ఇచ్చింది, ఆ సైటోడూ ఊరికే ఇచ్చాడు. నాను ఇద్దర్నీ ఒకటే అనుకున్నాను బాబాయ్. ఈవిడ తన కాళ్ళరిగేలా ఇచ్చింది. ఆడూ ఈవిడ కాళ్ళరిగేలాగే ఇచ్చాడు.”

లోపలి కంప్యూటరు దగ్గర ఎవరో టైమెంతయిందని అడిగారు. సూరి వినిపించుకోలేదు.

“మీరొక పని చేసిపెట్టండి. ఇప్పుడే వెళ్ళి, రేపు ఆఫీసుకి పోవద్దని పిన్నికి చెప్పండి. ఎందుకని అడుగుతాది. అడక్కుండా అందరికీ ఆ నెంబరు రాసింది నానని ఆవిడికింకా తెలీదు, మీరు చెప్పకండి. సూరి వస్తన్నాడు, ఆడే చెప్తాడనండి. దుర్గని కూడా అక్కడే కూర్చోబెట్టండి.”

నేను లేచేసరికి అతను షట్టరు దించే కొక్కెం కోసం వెతుకుతున్నాడు.

“వెళ్ళండి బాబాయ్. నాను వస్తన్నానని మీరు ముందు చెప్పేస్తే గానీ నాను రాలేను.”