బందరు ఇంటికి నేను వేసిన మార్కులు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. మనిషికి అన్నీ తెలిసి ఉండే వయసు ఇరవయ్యారేళ్ళనీ, ఆ తర్వాత ఏటా కొంత కొంత తగ్గుతూ వస్తుందనీ ఇప్పుడు అర్థమవుతోంది. కాలేజీ చర్చావేదికల మీద మూఢనమ్మకాలను చీల్చి చెండాడి కప్పులు గెలుచుకున్నవాణ్ణి. మధురానగర్‌లో గది అద్దెకు తీసుకున్నప్పుడు కావాలనే అమావాస్య నాడు సామాను దించాను. (వారం తిరక్కుండా వానకు పైకప్పు కారింది. కారడానికీ అమావాస్యకూ సంబంధం లేదని ఇంటావిడతో గంటసేపు వాదించి నెగ్గాను. గది మాత్రం కారుతూనే ఉంది.) ఇలాంటివాడికి ఉద్యోగం ఎక్కడ దొరికిందయ్యా అంటే ఫిల్మ్‌నగర్‌లో. కొబ్బరికాయ కొట్టందే కెమెరా కన్ను తెరవని, గుమ్మడికాయ కొట్టందే కన్ను మూయని చోట.

మా పని పరభాషా సినిమాలకు తెలుగు మాటలు రాయడం. మొత్తం ముగ్గురం. యజమానిని అందరూ బాబాయ్ అనేవారు. గోదావరి జిల్లా మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, ధైర్యం మాత్రం జాతకాన్ని బట్టి. మాటలు రాసేది నేను. తెర మీద పెదవి ఎప్పుడు విచ్చుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో చూసి, నా వాక్యాల్ని అంతకు సరిపడా కత్తిరించేది షేక్‌పేట అక్క. ఆమె లేకపోతే మా కథానాయకులు నోరు మూశాక కూడా ప్రేమిస్తూనే ఉండేవారు. షేక్‌పేట పాత ఊళ్ళో ఆమె అత్తగారిల్లు. పిల్లల బడీ, మోకాళ్ళ నొప్పుల అత్తా, అన్నీ అక్కడే. నన్ను 'తమ్మీ' అని పిలిచేది, నా హేతువాదాన్ని చిన్నపిల్లల దగ్గులా భరించేది.

ఒకరోజు ఆఫీసు ఉన్న ఇంటి యజమాని నెలలోగా ఖాళీ చేయమన్నాడు. చుట్టుపక్కల అద్దెలు విచారించి వచ్చిన బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఒరేయ్, ఇక్కడ గది అద్దెకి సముద్రం పక్కన ఇల్లంతా వచ్చుద్దిరా. మనం చూసేది బొమ్మ, రాసేది మాట. దానికి జూబ్లీహిల్స్ గాలే పీల్చాలా ఏంటి? ఏదన్నా తీరప్రాంతం ఊరు చూసి వెళ్ళిపోదాం. లేదా దుకాణం కట్టేద్దాం. రెండే దార్లు." దుకాణం కట్టేస్తే నేను కారే గది అద్దె కూడా కట్టలేను. అందుకని తీరప్రాంతం అన్న మాట నాకు అమృతంలా వినిపించింది. అక్క మాత్రం ఏమీ అనకుండా తెర మీది పెదవుల వంక చూస్తూ కూర్చుంది. అది ఒప్పుకోలని నేను అనుకున్నాను. (మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టే ఈ శాస్త్రీయ పద్ధతి నాకు ఎవరు నేర్పారో తెలియదు.)

బాబాయ్ సిద్ధాంతిని పిలిపించాడు. ఈయన కొత్త తరం సిద్ధాంతి. పంచాంగం చంకలో, దిక్కులు ఫోనులో. మ్యాపు తెరిచి, వేలితో తీరం పొడుగునా జారుతూ వచ్చి, పెదవి విరిచాడు.

"నీళ్ళు ఈశాన్యంలో ఉండాలండి. బందరుకి సముద్రం ఆగ్నేయంలో ఉంది. అగ్ని మూల నీళ్ళు... వ్యాపారం ఆరిపోద్ది. కాకినాడలో నాకు తెలిసినోళ్ళ ఇల్లుందండి. అక్కణ్ణుంచి సముద్రం సరిగ్గా ఈశాన్యం."

నేను లేచాను. ఇలాంటి క్షణం కోసమే నా గొంతు పుట్టిందని నా నమ్మకం. "అయ్యా, మన తీరంలో చాలా భాగం ఆగ్నేయానికే తిరిగి ఉంది. అంటే దేవుడు వాస్తు చూసుకోకుండానే సముద్రం పెట్టాడా?"

"దేవుడిది సొంత ఇల్లు బాబూ," అన్నాడు సిద్ధాంతి తాపీగా. "మీది అద్దె. దోషం అద్దెకున్నోడికే కదా తగిలేది."

బాబాయ్ పగలబడి నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తగిలినంతగా ఏ దోషమూ ఎవరికీ తగిలి ఉండదు. పట్టుదలకు పోయి, పది రోజులివ్వండి, శాస్త్రీయంగా ఊరిని ఎంపిక చేసి చూపిస్తానన్నాను. "తేలకపోతే?" అన్నాడు బాబాయ్. "ఈ సిద్ధాంతిగారు చెప్పిన ఊరికే వస్తాను, నోరెత్తకుండా," అన్నాను. నా నోరు ఎత్తకపోవడం ఎంత పెద్ద పందెమో అందరికీ తెలుసు గనక వెంటనే ఒప్పుకున్నారు.

పది రోజులూ గదిలోంచి కదలకుండా పట్టిక తయారుచేశాను. అయిదు ఊళ్ళు, తొమ్మిది అంశాలు. అద్దె, రైళ్ళు, కరెంటు, ఇంటర్నెట్, ఆసుపత్రి, తుఫాను భయం, చేపల ధర, ఎండ, సిబ్బంది సౌకర్యం. ఒక్కోదానికి పది మార్కులు. ఏ ఊరికీ వెళ్ళలేదు, ఎవరికీ ఫోను చేయలేదు. వివరాలన్నీ ఉండగా మనుషులతో పనేమిటి? బందరు మొదటి ర్యాంకులో నిలిచింది. సిద్ధాంతి కాదన్న ఊరే గెలవడం కేవలం యాదృచ్ఛికమని ఇప్పటికీ చెప్పగలను, కానీ మీరు నమ్మకండి.

ముగ్గురం కారులో బందరు వెళ్ళాం. ఊరి చివర, సముద్రపు గాలి తగిలే చోట పాత పెంకుటిల్లు. నీలం రంగు కిటికీలు, ఎర్రటి అరుగు, గోడ మీద పాకిన సన్నజాజి. బాబాయ్ కారు దిగకముందే రెండు చేతుల వేళ్ళతో చతురస్రం కట్టి కన్ను చికిలించాడు. సినిమావాడు ఇల్లు చూసే పద్ధతి అదే, తలుపు తెరవడు, చట్రంలో పెడతాడు. "ఎంత బాగుందిరా! ఉదయం ఎండ ఈ కిటికీలోంచి పడుతుంటే, అరుగు మీద కాఫీ..." అంటూ ఒక సన్నివేశం మొత్తం చెప్పేశాడు. నేనూ తక్కువ తినలేదు. పట్టిక తీసి, గాలికి అదనంగా రెండు మార్కులు వేశాను. బయానా ఇవ్వడానికి బాబాయ్ జేబులో చెయ్యి పెట్టాడు.

అంతలో పెరట్లోంచి అక్క వచ్చింది, చేతిలో స్టీలు గ్లాసుతో.

"తమ్మీ, జర తాగి చూడు."

తాగాను. సముద్రం దూరంగా లేదు, గ్లాసులోనే ఉంది.

ఇంటాయన నొచ్చుకుంటూ అన్నాడు: "తాగడానికి క్యానులు వేయించుకోవాలండి. స్నానానికి నాలుగు రోజుల్లో అలవాటైపోద్ది. ఎన్ని షూటింగులు జరిగాయో ఈ ఇంట్లో! మీవాళ్ళు ఒక్కరు కూడా కుళాయి తిప్పి చూళ్ళేదండి."

నేను ఓడిపోయానని మీరనుకుంటారు. వాదించేవాడు అంత తేలిగ్గా ఓడిపోడు. ఉప్పు తీసే యంత్రాలున్నాయని మొదలుపెట్టి, నాగరికత మొత్తం నీటి శుద్ధి చరిత్రేనన్న దాకా వెళ్ళాను. అక్క నా చేతిలోంచి పట్టిక తీసుకుంది. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ చివరి అంశం దగ్గర ఆగింది.

"సిబ్బంది సౌకర్యం, పదికి తొమ్మిది. సిబ్బంది అంటే నేనే కద తమ్మీ? గీ తొమ్మిది నన్ను అడిగి ఏసినవా?"

నా నోరు తెరుచుకుంది. అందులోంచి మాట రాలేదు. డబ్బింగ్‌లో అంతకన్నా పెద్ద తప్పు లేదు.

"సిద్ధాంతి మూలలు చూసిండు, బాబాయ్ కిటికీలు చూసిండు, నువ్వు మార్కులు చూస్కున్నవ్. మా అత్త మోకాళ్ళు, నా పిల్లల బడి ఎవ్వరన్న చూసిండ్రా? నేనైతే రాను. ఫికర్ చెయ్యకుండ్రి, పెదవులు షేక్‌పేటకెళ్ళి గూడ కనబడ్తయ్. బొమ్మ పంపుండ్రి, ఇంట్ల కూసుని కత్తిరిస్త."

బాబాయ్ జేబులోంచి చెయ్యి తీశాడు. తిరుగు ప్రయాణంలో విజయవాడ దాటాక అక్కే ఫోను తీసి, సిద్ధాంతి దగ్గర నంబరు తీసుకుని, ఆయన చెప్పిన కాకినాడ ఇంటివాళ్ళకు చేసి నాలుగు ప్రశ్నలు అడిగింది. కుళాయి నీళ్ళు ఎట్లుంటయ్? ఎన్ని గంటలు వస్తయ్? ఎండకాలంల గూడ వస్తయా? మీ ఇంట్ల మీరేం తాగుతరు? ఫోను పెట్టేసి, "నీళ్ళు తియ్యగున్నయంట. పోండ్రి," అంది. నా పది రోజుల పరిశోధన నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

పందెం ప్రకారం నోరెత్తకుండా కాకినాడ వెళ్ళాను. మూడేళ్ళు ఉన్నాం. అక్క షేక్‌పేటలోనే ఉండి కత్తిరించింది, దుకాణం నిలబడింది. ఇదంతా ఈశాన్యం మహిమేనని బాబాయ్ ఏటా సిద్ధాంతికి శాలువా కప్పేవాడు. మహిమ ఫోను చేసిన మనిషిదని నేను గొణిగితే, "పందెం మర్చిపోయావా?" అనేవాడు. అక్కకు శాలువా కప్పాలని ఎవరికీ తోచలేదు. మూఢనమ్మకాల మీద నిప్పులు కక్కే నాకూ తోచలేదు. ఆ మాటకొస్తే సిద్ధాంతి కనీసం ఇంటివాళ్ళ నంబరు ఇచ్చాడు. నేను ఏమిచ్చానో ఇప్పటికీ చెప్పలేను.

మధురానగర్‌కు తిరిగొచ్చి చాలాకాలమైంది. ఇప్పుడు నన్ను సభలకు పిలుస్తారు, హేతువాదం మీద మాట్లాడమంటారు. కుర్రవాళ్ళు ముందు వరుసలో కూర్చుంటారు, అన్నీ తెలిసిన ముఖాలతో, ఇరవయ్యారేళ్ళ వయసులో. వాళ్ళను చూస్తే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. "దేన్నీ ఊరికే నమ్మకండి, పరీక్షించి నమ్మండి" అని బల్ల గుద్ది చెబుతాను. చప్పట్లు మోగుతాయి. సరిగ్గా అప్పుడే గొంతులో కాస్త ఉప్పగా తగులుతుంది. నిర్వాహకులు మంచినీళ్ళ గ్లాసు అందిస్తారు. తాగేముందు ఇవి ఎక్కడివని అడుగుతాను.