ఇంటి మాటా, జబ్బు మాటా

కరోనాకు ముందు కొన్నేళ్లు నేను కోయంబత్తూరు పీలమేడులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వాక్ చికిత్స విభాగం చూసుకున్నాను. మాది తెనాలి. మా ఆయనకు వైమానిక దళంలో సూలూరుకు బదిలీ అయితే వెంట వచ్చాను. ఆయన రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాం. పక్షవాతం వచ్చి మాట దెబ్బతిన్నవాళ్లలో పోయిందేమిటో, మిగిలిందేమిటో కొలిచి, మిగిలినదాన్ని పట్టుకుని మళ్లీ మాట్లాడించడం మా పని. మందులు, సర్టిఫికెట్లు నా పైనున్న న్యూరాలజిస్టు చూసుకునేవారు. కానీ రోగి మాట సంగతి తేల్చవలసి వస్తే, నా నివేదిక చదవకుండా ఆయన సంతకం పెట్టేవారు కాదు.

ఒక వేసవిలో రాజమ్మాళ్ అనే పెద్దావిడ కేసు నా దగ్గరికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మెదడు ఎడమవైపు దెబ్బతిని కుడిచెయ్యి బలహీనపడింది. సంతలో, బస్సులో జీవితమంతా మాట్లాడిన తమిళం దాదాపు పోయింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెలుగు మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది. రెండు భాషలవాళ్లలో ఒకటి ముందు వెనక్కి రావడం మామూలే. మా విభాగంలో మిగతావాళ్లంతా తమిళులు కనుక ఆవిడ నా వంతు అయింది.

వెంట వచ్చింది కొడుకు మోహనకుమార్. తుడియలూరులో మోటారు పంపుల వర్క్‌షాపు నడుపుతున్నాడు.

"మేడం, అమ్మ చెప్పే మాట ఒకటీ అర్థం కాదుంగ. ఏమేమో కొత్త మాటలు పుట్టిస్తుంది. ఆమెకు ఏమీ తెలియడం లేదని మీరు రాసిస్తే, ఆమె తరఫున నేను సంతకాలు చేసుకోవడానికి కోర్టులో అర్జీ పెట్టుకుంటా" అన్నాడు. మన "అండి"లా అక్కడివాళ్లు మాట చివర "ంగ" చేరుస్తారు.

ఆవిడ పేరు మీద వర్క్‌షాపు పక్కనే తోట ఉంది. అక్కడ పొలాన్ని తోట అనే అంటారు. దాన్ని కొనడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడని కూడా అతనే చెప్పాడు. అప్పుడే నాకు అనుమానం మొదలైంది. చికిత్స ఎన్నాళ్లు పడుతుందని అడగకుండా, కాగితం ఎప్పుడొస్తుందని అడిగే బంధువుల దగ్గర మేం కొంచెం జాగ్రత్తగా ఉంటాం.

పేర్లు చెప్పించే పరీక్షతో మొదలుపెట్టాను. బొమ్మ చూపిస్తాం, రోగి పేరు చెప్పాలి. మా బొమ్మల పెట్టె ఆంధ్రలో తయారైంది, జవాబులూ అక్కడివే. చీపురు బొమ్మకు ఆవిడ "పొరక" అంది. తాళానికి "బీగం", నాగలికి "మడక". గొడుగు దగ్గర చాలాసేపు పెనుగులాడి "తుగుడు" అంది. కొడుకు నా వైపు తిరిగి, "చూశారా!" అన్నాడు.

జబ్బు చేసిన మెదడు రెండు రకాలుగా తప్పుతుంది. ఒక మాటకు బదులు మరో మాట అందిస్తుంది, లేదా అసలు లేని మాటను తయారుచేస్తుంది. పెట్టెలోని జవాబుల ప్రకారం చూస్తే రాజమ్మాళ్ రెండు రకాలుగానూ తప్పింది. కానీ పొరక, మడక రాయలసీమవాళ్ల నోట నేను విన్న మాటలే. వందల ఏళ్ల కిందట ఆంధ్ర విడిచి వచ్చి, చుట్టూ తమిళం ఉన్న చోట ద్వీపంలా మిగిలిపోయిన ఇళ్లలో ఇంకా ఎన్ని అలాంటివి ఉన్నాయో నాకు తెలియదు. అందుకే ఆ రోజు మార్కులు వేయలేదు.

జబ్బుకు ముందు అమ్మ ఈ వస్తువులను ఏమనేదని మోహనకుమార్‌ను అడిగాను. అవే బొమ్మలు చూపిస్తే తడుముకోకుండా చీపురు, తాళం, నాగలి అన్నాడు. అచ్చం మా తెనాలివాళ్లు అన్నట్టే. నాకు అనుమానం రెట్టింపైంది. తుడియలూరులో పుట్టి పెరిగినవాడికి ఈ మాటలు ఎక్కడివి? అదే అడిగాను.

"నేను రోజూ విజయవాడ డీలర్లతో ఫోన్లో మాట్లాడతాను మేడం. మొదట్లో మా మాట విని నవ్వేవాళ్లు. తర్వాత మంచి తెలుగు నేర్చుకున్నాను" అన్నాడు.

"మరి అమ్మతో?"

"అమ్మతో తమిళమే. చిన్నప్పటినుంచి హాస్టల్లో చదివినాను కదాంగ. ఆమె ఏమనేదో నేను గమనించలేదు" అన్నాడు.

నిజమే కావచ్చు. తప్పించుకోవడమూ కావచ్చు. నేను తేల్చుకోలేకపోయాను.

రెండోసారి కూతురు శాంతామణి వచ్చింది. సూలూరు దగ్గర మిల్లున్న ఇంటి కోడలు. తమ్ముడి మీద కోపం దాచుకోలేదు. "అమ్మకు అన్నీ తెలుసు అక్కా. వాడు కావాలని పిచ్చిదాన్ని చేస్తా ఉండాడు. ఆమె చెప్పేవన్నీ మా ఇంటి మాటలు. పొరక అంటే పొరకదాన్!" అంది. నాకు ఊరట కలిగింది. చివరికి గొడుగు బొమ్మ చూపించి, తుగుడు సంగతి అడిగాను.

"ఆమా, అదీ మాదే. పాత మాట" అంది.

మరీ తొందరగా అంది. గొడుగులోని అక్షరాలు తారుమారై, మొదటిది మారిపోతే తుగుడులాంటిదే వస్తుంది. ఆ రోజంతా తల్లి నోరు తెరిచేలోపే, జవాబు అందిస్తున్నట్టు ఆమె పెదవులు కదపడం కూడా నా కంటపడింది. కొడుకుకు తల్లి మాటలన్నీ జబ్బు, కూతురికి జబ్బంతా తల్లి మాటలు. తన వాటా కోసం తోట అమ్ముడుపోకుండా ఉండడం ఈమెకు ఎంత అవసరమో, అమ్ముడుపోవడం అతనికి అంత అవసరం. ఇద్దరినీ నమ్మడానికి లేదు.

ఇలాంటప్పుడు రోగితో పెరిగి, ఫలితంతో సంబంధం లేని మనిషిని వెతకాలి. రాజమ్మాళ్ పుట్టిల్లు మదురై పక్క పల్లె. ఆవిడ అక్క తాయమ్మాళ్ ఇప్పుడు మదురైలో మనవడి ఇంట్లో ఉంటోందని తెలిసింది. న్యూరాలజిస్టు అనుమతి తీసుకుని, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను.

తాయమ్మాళ్ నన్ను గడపలోనే నిలబెట్టింది. "ఎవరు పంపినారు నిన్ను? కొడుకా, కూతురా?" అంది.

"ఎవరూ పంపలేదు. మీ చెల్లెలికి వైద్యం చేస్తున్నాను."

"నీ మాట మా మాట మాదిరి లేదే. ఏ ఊరు?"

తెనాలి అని చెప్పాను. ఆవిడకు తెలియలేదు. ఆంధ్ర అన్నాను. "అంత దూరం నుంచి వచ్చి మా తోట సంగతి ఏంటికి నీకు?" అంది. తోట గురించి ఒక్క మాట కూడా అడగనని చెప్పి బొమ్మలు బయటికి తీశాక లోపలికి రమ్మంది. అప్పటికీ నా సంచి వైపు ఓ కన్నేసే ఉంచింది.

పొరక, బీగం, మడక అని వరసగా చెప్పింది. అన్నం గిన్నె చూసి "కూడు" అంది. తెనాలిలో ఆ మాట చులకనగా వాడతాం, వాళ్లింట్లో రోజూ వండుకు తినేదానికి అదే పేరు. చివరికి గొడుగు బొమ్మ చూపించాను.

"గొడుగు" అంది.

"తుగుడు అంటారా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "అదేం మాట సామీ? ఎవరు చెప్పినారు?"

నేను బొమ్మ సంచిలో పెట్టేశాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "రాజం అన్నాదా?" అని మెల్లగా అడిగింది. అంతవరకూ చెల్లెలి జబ్బు ఎంతో ఆవిడకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఫోనులో మాట్లాడించమంటే పిల్లలిద్దరూ ఏదో ఒకటి చెప్పి తప్పించారట.

కోయంబత్తూరు వచ్చాక, పిల్లలిద్దరినీ బయట కూర్చోబెట్టి, మా నర్సు సాక్షిగా పరీక్ష మొదటినుంచీ చేశాను. ఈసారి నా తెలుగు పక్కన పెట్టాను. మొదటి రోజు "తాళం మీద పెన్ను పెట్టండి" అంటే ఆవిడ అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు "బీగం మీద పెన్ను పెట్టండి" అనగానే ఎడమచేత్తో తీసి పెట్టింది. ఆ తర్వాత అర్థం చేసుకునే శక్తిని చూసే ప్రశ్నలు, తల ఊపితే చాలు. తోట మీదేనా? అమ్మితే మళ్లీ మీకు వస్తుందా? ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడుగుతాం, అలవాటుగా తల ఊపుతున్నారేమో పట్టుకోవడానికి. ఆవిడ ఎక్కడా పొరపడలేదు.

అమ్మడం మీకు ఇష్టమేనా అని అడిగాను. ఆవిడ తలుపు వైపు చూసింది. తర్వాత ఒక్కొక్క మాటా కూడదీసుకుని, "వాడూ... చెప్తాడు. అదీ... చెప్తాది. నన్ను... అడిగేది లేదు" అంది. ఇష్టం లేదన్నట్టు తల అటూ ఇటూ ఊపింది.

ఆవిడ మాట్లాడినవాటన్నిటిలో పొడుగైన వాక్యం అదే. నివేదికలో అలాగే రాశాను. అర్థం చేసుకునే శక్తి బాగుంది, పేర్లు చెప్పడంలో కొంత లోపం ఉంది, ఏవి జబ్బు మాటలో ఏవి ఇంటి మాటలో వేరువేరుగా. తెలివి లేదనడానికి ఆధారం లేదని న్యూరాలజిస్టు రాశారు. మోహనకుమార్ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. శాంతామణి మాత్రం, "తుగుడు మా మాట కాదని రాశారే" అని నిలదీసింది. "మీ పెద్దమ్మను అడిగాను" అన్నాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. మదురై నుంచి తాయమ్మాళ్ మాత్రం కారు మాట్లాడుకుని వచ్చి, చెల్లెలి మంచం పక్కన చాలా రోజులు ఉండిపోయింది.

మరుసటి ఏడు, కొంత తమిళం తిరిగి వచ్చాక, రాజమ్మాళ్ స్వయంగా రిజిస్ట్రారు ఎదుటికి వెళ్లి తోటలో సగం కొడుక్కి రాసిచ్చిందని విన్నాను. మనస్ఫూర్తిగా ఇచ్చిందా, ఎవరైనా చెప్పి ఇప్పించారా అన్నది నాకు తెలియదు. అప్పటికి ఆవిడ నా రోగి కాదు, అడిగే హక్కు నాకు లేదు.

ఆ కేసు తర్వాత మా విభాగంలో ఒక పద్ధతి పెట్టాం. ఏ రోగికైనా తప్పు వేసేముందు, జబ్బుకు ముందు ఆ ఇంట్లో ఆ వస్తువును ఏమనేవారో కనీసం ఇద్దరిని విడివిడిగా అడగాలి. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఆస్తితో సంబంధం లేనివారై ఉండాలి. తమిళనాట తెలుగు ఇంకా ఆంధ్ర తెలుగుకన్నా వేరుగానే ఉందా అని తెనాలివాళ్లు నన్ను అడుగుతుంటారు. తాయమ్మాళ్‌లో వేరుగా ఉంది, మోహనకుమార్‌లో లేదు. ఒకే కుటుంబంలో అంత తేడా ఉన్నప్పుడు అందరికీ కలిపి ఒకే జవాబు చెప్పడం నా వృత్తిలో కుదరదు. మనిషిని బట్టి కొలవాలి, ఎవరు ఎందుకు చెబుతున్నారో చూసుకుని కొలవాలి.